ఇరవైనాలుగో పోర్టు

పర్వత్ పాటియా ఆఫీసులో కూర్చుని నీరజ, ఊరికి ఆ కొసనున్న భేస్తాన్‌లో బట్టలకు రంగులద్దే మిల్లులోని నెట్‌వర్క్ స్విచ్‌లో ఇరవైమూడో పోర్టు మూసెయ్యాలి. తొందరలో ఇరవైనాలుగు అని కొట్టింది. తెర బిగుసుకుపోయింది. తను స్విచ్‌లోకి వెళ్లిన దారే అది. బాయిలర్‌లో ఒత్తిడి పెరిగితే మోగే అలారానికీ అదే దారి. ఆ బాయిలర్ పక్కనే ఆమె తండ్రి గంగారాం డ్యూటీ.

ఎవరికీ చెప్పలేదు, చెబితే పరువు పోతుంది. పది నిమిషాల్లో స్విచ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా ముందే పెట్టుకుంది కదా! సేవ్ చెయ్యని మార్పులన్నీ అప్పుడు చెరిగిపోతాయి. పది నిమిషాలైంది. పన్నెండైంది. స్విచ్ పలకలేదు.

స్విచ్‌కి పంపిన ఆదేశాల వరసలు మళ్లీ చదివింది. ఎప్పటి అలవాటు కొద్దీ అన్నిటినీ కలిపి ఒక్కసారే పంపేసింది. అందులో ఆఖరి వరస: సేవ్. తన తప్పును తనే భద్రంగా దాచిపెట్టింది.

వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. "బాపూ, బాయిలర్ కాడ ఉండకు! జర బయటికి ఉరుకు!"

"ఏమైంది బిడ్డా?" గంగారాం నవ్వాడు. "పొద్దుగాల్నుంచి సతాయించిన అలారం పావుగంట కిందనే బందైంది. ఇగ అంతా మంచిగనే ఉన్నది."