అయిపోయిన పని

ఓ మారుమూల నియోజకవర్గం నుంచి కేబినెట్ దాకా ఎగబాకిన మంత్రిగారికి పట్టుబడిన విద్య ఒక్కటే. అర్జీతో ఎవరొచ్చినా భుజం తట్టి, "నీ పని అయిపోయిందనుకో!" అనేవారు. వాళ్లు మురిసిపోయేవారు, ఈయన మర్చిపోయేవారు.

మంత్రివర్గాన్ని మారుస్తున్నారని తెలిసి, ఈసారి ఆయనే ముఖ్యమంత్రి ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు. ముఖ్యమంత్రి నవ్వుతూ భుజం తట్టి, "నీ పని అయిపోయిందనుకో!" అన్నారు.

మంత్రిగారు గాల్లో తేలుతూ ఇంటికొచ్చి ఆ మాట భార్య చెవిన వేశారు. వంటింటి కుళాయి బాగుచేయించమని అడిగినప్పుడల్లా అదే జవాబు విన్న ఆవిడ, కారే నీళ్ల కింద గిన్నె మారుస్తూ అడిగింది.

"భుజం కూడా తట్టారాండీ?"

ఆయన భుజం తడుముకున్నారు.

"నా సరుకు నాకే అంటగట్టాడే!"