ప్యానెల్ దగ్గర బావమరిది

నా బావమరిది మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అడక్కుండానే స్పానర్ అందించేవాళ్ళను నేను నమ్మను. మా ఆవిడ పోరు పడలేక, నేను పనిచేసే ఫర్నిచర్ కార్ఖానాలో వాణ్ణి నా కింద ఎలక్ట్రీషియన్‌గా పెట్టించాను. నెల రోజులు చూసి పర్మనెంట్ చేస్తానన్నాడు యజమాని. ఆ నెల ఈ శుక్రవారంతో పూర్తవుతుంది. వాడికిది మూడో ఉద్యోగం. ఇదీ పోతే ఇంకెవరూ వాణ్ణి గుమ్మం తొక్కనివ్వరు.

సోమవారం నుంచి పాలిష్ గదిలో బ్లోయరు సరిగ్గా గాలి లాగడం లేదు. ఘాటంతా గదిలోనే నిలిచిపోయి పనివాళ్ళ కళ్ళు మండుతున్నాయి. వాళ్ళలో మా ఆవిడ కూడా ఉంది. ఆదివారం దాని మోటారు మార్చింది నేనే. మార్చాక జాలీ దగ్గర కాగితం ముక్క పెడితే టక్కున అతుక్కుంది. ఇరవై ఏళ్ళుగా నా పరీక్ష అదే. కాగితం అతుక్కుంటే నేను ఇంకేమీ చూడను.

బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. ఫిల్టర్ విప్పి దులిపాను. గొట్టం అతుకుల దగ్గర దారప్పోగు పట్టుకుని తిరిగాను, ఎక్కడా గాలి తప్పించుకోవడం లేదు. అన్నీ బాగుండి గాలి మాత్రం లేదంటే, ఎవరో వేలు పెట్టారనేగా? ఆ వేలు ఎవరిదో కనుక్కోవాలని మూడు రోజులు వాడి వెనకే తిరిగాను. గురువారం మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు, బ్లోయరు ప్యానెల్ తెరిచి నిలబడి దొరికాడు.

“ఇక్కడ నీకేం పనిరా?”

“అది కాదు బావా, బ్లోయరు లోపలి చక్రం సంగతే ఎందుకో తేడాగా ఉంది. ఒక్కసారి ఆపి...”

“నాకు చెప్పేంతవాడివయ్యావా?”

చెయ్యి పట్టుకుని యజమాని గదికి లాక్కెళ్ళాను. నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడని చెప్పాను. ఆయన మా ఇద్దరినీ చూసి, “రేపట్నుంచి రాకు” అన్నాడు వాడితో. వాడు జేబులోని స్పానర్ నాకిచ్చి వెళ్ళిపోయాడు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణంలో నాకు హాయిగానే అనిపించింది.

వాడు ఏం పాడుచేశాడో చూద్దామని బ్లోయరు ఆపి, పక్కనున్న చిన్న తలుపు తెరిచాను. చక్రం ఇంకా నెమ్మదిగా తిరుగుతోంది. పైడొప్ప మీద పాలిష్ మరకలు గీకితే బాణం గుర్తు కనిపించింది. బాణం ఒకవైపు, చక్రం ఇంకోవైపు.

ఆ మోటారుకి వచ్చే మూడు తీగల్లో రెండు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగినా ఈ రకం బ్లోయరు గాలి లాగడం మానదు, కాకపోతే సగం కూడా లాగదు. కాగితాన్ని పట్టుకోవడానికి ఆ మాత్రం చాలు. మోటారు మీది పెట్టె మూత విప్పాను. తీగ చివర్లు రెండుసార్లు మెలితిప్పి ఎడమకి వంచడం నా అలవాటు. మూడూ అలాగే ఉన్నాయి. ప్యానెల్‌లో చూసినా నా మెలికలే. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

రెండు తీగలు అటూఇటూ మార్చి స్విచ్ వేశాను. పాలిష్ గదిలోంచి కేకలు, నవ్వులు. యజమాని వచ్చి నా భుజం తట్టి, “చూశావా, వాడు పోగానే గాలి ఎలా వచ్చిందో!” అన్నాడు. నేను నోరు మూసుకుంటే ఇది ఎవరికీ తెలియదు. గది గుమ్మంలో మా ఆవిడ ఎర్రబడ్డ కళ్ళతో నన్నే చూస్తోంది.

“తీగలు తప్పు కట్టింది నేనండీ. వాడికేం సంబంధం లేదు” అన్నాను.

“మరి వాడెందుకు చెప్పలేదు?”

“చెప్పబోయాడు. నేనే చెప్పనివ్వలేదు.”

ఆయన తన గది వైపు నడుస్తూ అన్నాడు, “రేపు రమ్మను. పర్మనెంట్ చేస్తున్నానని చెప్పు.”

నేను ఫోన్ చేస్తే వాడు ఎత్తలేదు. మా ఆవిడ చేసింది, మొదటి రింగుకే ఎత్తాడు. ఫోన్ నా చేతిలో పెట్టింది. తప్పు నాదేనని, రేపు రమ్మన్నారని, పర్మనెంట్ అని గబగబా చెప్పేశాను.

“వస్తాను బావా” అన్నాడు వాడు. “కానీ నీ కింద చెయ్యను.”

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సరేనన్నాను. ఫోన్ తిరిగిస్తూ మా ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.