ఖాళీ ఇంటి పక్కన గాలిమర

అక్క చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ. ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కని తమ్ముడు తనంతట తానే వచ్చి, "ఒక్కదానివీ ఇక్కడెందుకక్కా, కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండు" అన్నాడు మరి. గాలిమరలకు అనుమతులిచ్చే ఆఫీసులో అధికారి అతను. దొంగల భయమంటూ ఆవిడ పొయ్యి, మంచం, గిన్నెలు కూడా దగ్గరుండి వ్యాన్ ఎక్కించాడు. ఆ ప్రేమకు ఆవిడ కరిగి నీరైపోయింది, పిచ్చిది!

తమ్ముడింట్లో మరదలు "వదినా, వదినా" అంటూ నెత్తిన పెట్టుకుంది. నడుముకు మందు కూడా రాసింది. తోడబుట్టినవాడు ఎంతైనా తోడబుట్టినవాడేనని అక్క మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. తన పెరటిగోడ పక్కనే గాలిమర లేపుతున్నారని తెలిసి, అభ్యంతరాలు వినే సభకు లబోదిబోమంటూ వెళ్ళింది. మనుషులుంటున్న ఇంటి దగ్గర గాలిమర పెట్టకూడదన్నది రూలు. ఆ ధీమాతోనే లేచి నిలబడింది. బల్ల వెనక తమ్ముడే కూర్చుని ఉన్నాడు.

"మీరు ప్రస్తుతం ఎక్కడుంటున్నారండీ?"

ఆ 'అండీ'కే ఆవిడ తెల్లబోయింది. "అదేంట్రా, మీ ఇంట్లోనేగా!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి లేదు, మంచం లేదు. రూలు ప్రకారం అది ఖాళీ కట్టడం. అక్కడ ఉండనివాళ్ళ అభ్యంతరం చెల్లదు. కూర్చోండి."

అప్పటికి గానీ ఆవిడకు బోధపడలేదు. ఈ ఒక్క అనుమతీ తేలితే తమ్ముడికి ప్రమోషను ఖాయమని మరదలు మొన్ననే చెప్పింది. నువ్వే కదరా అన్నీ మోయించుకుపోయావు, అని నలుగురిలో అరవాలనుకుంది. అరిస్తే వాడి ఉద్యోగం ఊడుతుంది. తమ్ముడి నోటికాడి కూడు తీయడానికి ఆవిడకు మనసొప్పలేదు. కూర్చుంది.

సాయంత్రం మరదలు గుమ్మంలోనే ఆపింది. "మా చెల్లెలు వస్తోంది వదినా, గది కావాలి. మీరు ఇంకెక్కడైనా చూసుకోండి."

"నా ఇంటికే పోతాలే."

"అక్కడిక ఎవరూ ఉండకూడదక్కా. ఉంటే అనుమతి రద్దవుతుంది" అన్నాడు తమ్ముడు, చేతులు కడుక్కుంటూ. "సభలో నోరు మూసుకుని మంచి పని చేశావు. అది చాలు."

తర్వాత భార్య వైపు తిరిగి, ఆకలేస్తోంది వడ్డించమన్నాడు. ఆమె రెండు కంచాలు పెట్టింది.