జంపక్క గొంతుకు లైసెన్సు

దీవెన తెలివైన పిల్లనే, కాదని ఎవలంటరు? కొత్తగూడెంల ఇంట్ల కూసొనే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తది. కానీ లైసెన్సు ఎంచుకునే నాడు ఆ తెలివి గడ్డి మెయ్యబోయింది.

ఏడాదంత కష్టపడి ఆమె ఒక లైబ్రరీ తయారుచేసింది. పుస్తకాలది కాదు, కోడ్‌ది. దాన్ని ఏ యాప్‌ల పెట్టుకున్నా, రాసిన కోయ మాటను ఫోను పైకి చదువుతది. చదివే గొంతు పినపాక అవతల అడవి గూడెంల ఉండే జంపక్కది. ఆ ముసలామె ఇప్పపువ్వు ఆరబోసుకుంటనే ఓపికగ మాటలన్నీ చెప్పింది. "ఇది అందరికీ ఇయ్యనా అవ్వా?" అని దీవెన అడిగితే, "ఇయ్యి బిడ్డా, దాసుకుంటే పురుగు పడ్తది" అన్నది.

ఆ గూడెంల విత్తనాల పండుగకు ఇంటింటి గింజలు ఒక్క గంపల పోసి, కలిపి పంచుకుంటరు. తీసుకపోయినోడు పంటొచ్చినంక మళ్ల తెచ్చి ఆ గంపల పొయ్యాలె. జంపక్కకు ఇయ్యడమంటే అదే. దీవెనకు తెల్వదా? తెలుసు. రెండుసార్లు ఆ పండుగల బువ్వ తిన్నది గూడ.

వేరేటోళ్లు దాన్ని ఎట్ల వాడుకోవాల్నో చెప్పే లైసెన్సులు రెండు ముంగటేసుకున్నది. జీపీఎల్ అయితే, తీసుకొని మెరుగుచేసి పంచేటోడు ఆ మెరుగును గూడ తెరిచి పంచాలె. ఎంఐటీ అయితే, చేసినోళ్ల పేరు ఉంచి ఎట్లన్న వాడుకోవచ్చు, తాళమేసి అమ్ముకోవచ్చు. "ఎంఐటీ పెట్టు చెల్లే. జీపీఎల్ అంటే కంపెనీలు ఆమడ దూరం ఉరుకుతయి" అన్నడు తోటి ఉద్యోగి షాలేమ్‌రాజు. తన పేరు నలుగురి నోట్ల పడాలని దీవెనకు గూడ ఆశే. ఎంఐటీ పెట్టేసింది.

ఎక్కడిదో ఒక కంపెనీ దాంతోని యాప్ చేసి, గూడెంల ఉత్తగనే ఇచ్చింది. జంపక్క, ఆమె కోడలు కళావతి, ఇరుగుపొరుగు అందరు కూసొని, ఫోను తప్పు పలికినప్పుడల్లా "గట్ల కాదు, గిట్ల" అని దిద్దిన్రు. జ్వరం మాటలు, అడవి మందుల పేర్లు కొత్తగ నేర్పిన్రు. అది మంచిగ పలకనేర్చినంక కంపెనీ తాళమేసింది, నేర్పిన గూడెపోళ్లయినా సరే పైసలు కట్టినోళ్లకే అన్నది. దీవెన దగ్గర మిగిలింది దిద్దని పాతదే. గూడెపోళ్లు నేర్పిన మాటలన్న ఇయ్యమని అడిగితే, "మీ లైసెన్సు ప్రకారం మేం ఇయ్యాల్సిన పని లేదు" అన్నరు. నిజమే మరి! కడుపు మండినా ఎవర్ని తిడ్తది?

చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, కొత్త వెర్షన్‌కు జీపీఎల్ పెట్టింది. ఆ మాటలన్నీ మళ్ల రికార్డు చేసుకుందామని పండుగ నాడు గూడెం పోయింది.

జంపక్క గంప పక్కన కూసున్నది. ఒక్కొక్కరు వచ్చి దోసెడు గింజలు పోస్తున్నరు. దీవెన వంతు వచ్చింది. చేతిల ఫోను తప్ప ఏం లేదు. సిగ్గుతోని తల ఎత్తలేకపోయింది.

"తప్పయింది అవ్వా. మళ్లొక్కసారి చెప్తవా? ఈసారి ఎవ్వలు తాళమెయ్యకుండ పెట్టిన."

జంపక్క తిట్టలే. తిట్టినా బాగుండు.

"అందరికీ ఇయ్యమన్న గదా బిడ్డా," అన్నది, "ఆ అందరిల మేం లేమా?"

ముసలామె గంపను పక్కకు జరిపి, ఎనకున్నోళ్లను రమ్మన్నది.