అట్టపెట్టెకు బొట్టు

ఆటో హారన్ కొడుతోంది. నా కూతురు సుభాషిణి మాత్రం మూలన కూర్చుని "నేను పోనుమా" అంటోంది. ఇవాళ పదో తరగతి పరీక్షల్లో మొదటి రోజు! తెల్లవారగానే పిల్లకు ముట్టయింది. అంగట్లో ప్యాడ్లు కొనే స్తోమత మాకు లేదు. పాత చీరగుడ్డ మడిచి ఇచ్చాను. పోయిన నెల బడిలో ఆ గుడ్డే జారి, డ్రెస్సంతా మరకై, మగపిల్లలు నవ్వారు.

"మళ్ళా అట్లయితే బడి మొహమే చూడను" అంది. అన్నంత పనీ చేసే రకం. నా పోలికే.

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. దానికి కావలసినవి కూతవేటు దూరంలోనే ఉన్నాయి మరి! కావలి చర్చి ఆడవాళ్ళు వంట వండినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన తీసి, అవి అమ్మిన డబ్బుతో మా జువ్వలదిన్నె ఆడపిల్లలకు ప్యాడ్లు కొన్నారు. వారం కిందట వాళ్ళలో ఒకరైన ఎలిశబెతు గారు పెద్ద అట్టపెట్టె నిండా తెచ్చి, ఆదివారం కాక పై ఆదివారం పంచుతామని, తడి తగలని చోటు అడిగింది. మా మామ గంగులయ్య పెద్దమనిషిగా వలల షెడ్డు తాళం తీశాడు. ముసలాయన ముందు ఆమెకు నోరు రాలేదు. "ఆడపిల్లల కోసమండీ" అని ఊరుకుంది. మామ పుస్తకాలనుకున్నాడు.

ఇంకేముంది! ముట్టయిన ఆడది మా వాళ్ళలో వలల షెడ్డు గడప తొక్కకూడదు. ఆమెను అంటుకున్నవాళ్ళు తలస్నానం చేయందే ఆ గడప దాటకూడదు, వల ముట్టుకోకూడదు. వల మైలపడితే చేప పడదట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది మా బతుకు.

"ఉండవే, ఇప్పుడే వస్తా" అని పరుగెత్తాను. పిల్లను అంటుకున్నదాన్ని కాబట్టి షెడ్డు గడప బయటే ఆగాను. లోపల మామ వలకు దండం పెట్టుకుంటున్నాడు. పక్కనే ఆ అట్టపెట్టె. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది! అది వచ్చిన రోజు నుంచీ చేపలు బాగా పడుతున్నాయని, అంతా దాని చలవేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు ఆయన. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మామా, ఆ పెట్టె ఇట్లా తొయ్యి."

"యాడికిమే చెంచులక్ష్మీ? లచ్చిందేవి మాదిరి వచ్చింది. ఆదివారం దాకా కదిపేది లేదు."

ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"లచ్చిందేవి గాదు మామా! దాన్లో ఉండేది ముట్టప్పుడు పెట్టుకొనే ప్యాడ్లు. నీ మనవరాలికి ముట్టయింది. అయి లేక పరీక్షకు పోనంటా ఉంది."

మామ తేలు కుట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఎంత పని చేసినారే! వలల కాడనా? నాకెందుకు చెప్పలేదుమే?"

"చెప్తే సముద్రంలో ఇసిరేసుంటావు. వారం నుంచి వల పక్కనే ఉండాయి గదా. బొట్టు పెట్టింది నువ్వే గదా. చేప పడకుండా పోయిందా, చెప్పు మామా!"

ఆయన వల వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు.

"ఇంక పోతా ఉండా అక్కా!" ఆటో అతను కేక వేశాడు.

ఏమైతే అయిందని గడప దాటబోయాను.

"ఆగు. నువ్వు రావాకు" అన్నాడు మామ. వలతాళ్ళు కోసే కత్తితోనే పెట్టె టేపు కోశాడు. ఒక ప్యాకెట్టు తీసుకుని, నన్ను దాటుకుని, ఆ వయసులో ఇసుకలో పడుతూ లేస్తూ మా ఇంటికి పరుగెత్తాడు. నేను వెనకాలే పోయాను.

ముట్టయిన మనిషి ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషి, ప్యాకెట్టు తెచ్చి పిల్ల చేతిలోనే పెట్టాడు. తల కూడా నిమిరాడు. "బెరీన కానీ తల్లీ. ఆటో నేను నిలబెడతా" అని పోయి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

సుభాషిణి పరీక్షకు వెళ్ళింది. ఇక మామ తలస్నానం చేస్తాడని గబగబా నీళ్ళు తోడి పెట్టాను. ఆయన ఆ నీళ్ళ వంక కూడా చూడలేదు. నేరుగా షెడ్డుకు పోయి, వల భుజాన వేసుకుని పడవ ఎక్కాడు.