పదిహేడో నిమిషం

పదిహేడు, కళ్ళు నులుముకుని చూసినా పదిహేడే, ఎనిమిదిన్నరకి డ్రయ్యరు మీట నొక్కితే ఇప్పుడు పన్నెండు దాటింది, రెండు వందలు దాటాల్సిన నిమిషాలు పదిహేడెలా అవుతాయి, కరెంటు పోయి వస్తే ఈ డ్రయ్యరు మళ్ళీ మొదటినించీ లెక్కపెడుతుందని నేర్పించిన సారు చెప్పాడు, అంటే పోయింది, వచ్చింది, ఎంతసేపు పోయిందో మాత్రం చెప్పదు, రజిత తలుపు మీద చెయ్యి వేసింది, వెచ్చగానే ఉంది, లోపల సగమెండిన ఆల్చిప్పల మాంసం, అష్టముడి సరస్సు నీళ్ళలో మగవాళ్ళు మునిగి తెచ్చింది, ఆడవాళ్ళు ఉడికించి వేళ్ళు కోసుకుంటూ వలిచింది, వాసనేమీ లేదు, ఉక్కలో మగ్గితే వాసన రాకముందే విషమవుతుందనీ ఆ సారే చెప్పాడు, అప్పుడు తలూపింది తనే.

ఇందాక రొమ్ములు సలుపుతుంటే చంటిదానికి పాలివ్వడానికి ఇంటికి పరిగెత్తింది, పాలివ్వడానికి కూడా ఆ పెట్టె సెలవివ్వాలా అని అత్తగారు దెప్పింది, పిల్ల తాగుతుండగా ఫ్యాను ఆగింది, ఆగిందని తెలుసు, కొంగుతో విసురుతూ విసురుతూ తనూ కునుకు తీసింది, మళ్ళీ ఫ్యాను గాలి తగిలి లేచింది, అది పది నిమిషాలో గంటో దేవుడికే తెలియాలి, ఇంకెవరికీ తెలియదు, బయట గుల్లల కుప్ప దగ్గర కూర్చున్న ఆరుగురిలో ఎవరూ ఈ అంకెలు చూడరు, తొమ్మిదో తరగతి దాకా చదివావు కదే, మాకవి ఎర్ర చీమలబారు అని నవ్వుతూ వాళ్ళందరికీ పెద్దక్కలాంటి లీలామణి చేచ్చి ఈ పెట్టెకి తనని కట్టేసింది, ఆ తొమ్మిదీ చదవకపోయినా బాగుండేది, చెబితే ఆరుగురి చాకిరీ మట్టిపాలు, కాపలా వదిలి పోయిందనే మాట జన్మంతా, చెప్పకపోతే, చెప్పకపోతే ఏమీ కాదేమో, ఇంకో గంట ఎక్కువ వేడి పెడితే సరిపోతుందేమో, వేడికి చచ్చేది పురుగే కానీ అది కక్కిన విషం కాదన్నాడుగా సారు, పాడు జ్ఞాపకం, ఏదీ మర్చిపోదు.

చేచ్చి గుమ్మంలోంచి తొంగి చూసింది, నాలుగింటికి ఊళ్ళో కొట్లకి పట్టుకెళ్ళే వ్యానొస్తుంది మోళే, తల్లీ, సంచులు సిద్ధం చెయ్యి, ఎప్పట్లాగే ముందు మీ పెద్దది మీనుకి గుప్పెడు తీసి పెట్టు, కొబ్బరేసి వేయిస్తే లొట్టలేసుకుంటూ తింటుందిగా అంది, వద్దు చేచ్చీ, దానికి పొద్దుట్నించీ కడుపు బాలేదు అంది రజిత, తడుముకోలేదు, పొద్దున్నే మూడు దోసెలు తిని వీధంతా గెంతిన పిల్లకి కడుపు బాలేదట, అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చింది, చేచ్చి వెనక్కి తిరిగింది, ఆమె తడి చీర అంచు గడప దాటుతోంది, ఇంతసేపూ చెప్పాలా వద్దా అని రజిత కొట్టుకులాడుతోంది కానీ, తన పిల్లకి వద్దన్నప్పుడే నిజం నోరు దాటింది, ఊళ్ళో మిగతా పిల్లలకి కూడా వద్దన్న ఆ మాటే చెప్పడం మిగిలింది.