గరగర కాదు, గుయ్యి

రేపు పొద్దున అమ్మను కంటి ఆపరేషనుకు కొండదారిలో తీసుకెళ్లాలి. కారు చూస్తే రెండు రోజులుగా ఒకటే గోల. అందుకే టాక్సీ డ్రైవరు, అందరూ చెవులక్క అని పిలిచే మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు.

"ఏమంటోంది తమ్ముడూ?"

"గరగరమంటోందక్కా."

"ముందు ఆ భక్తిపాట ఆపు. దేవుడేమీ అనుకోడులే."

పాట లేకుండా అతను ఏనాడూ బండి తీయలేదు. మనసులోనే లెంపలేసుకుని ఆపాడు.

ఆమె కళ్లు మూసుకుంది. "గరగరేంటి నీ మొహం! గుయ్యిమంటోంది. గరగరైతే బ్రేకు. కాస్త ఎడమకు తిప్పు."

మోత పెరిగింది.

"ఇప్పుడు కుడికి."

తగ్గింది.

"ఎడమకు తిరిగితే బరువు కుడి పక్కకు పడుతుంది. ఏడ్చేది కుడి చక్రం బేరింగు. గంట పని."

"బండి దిగకుండానే చెప్పేశావా!"

"నేను చెప్పలేదు, అదే చెప్పింది."

షెడ్డులో చక్రం ఊడదీస్తే అక్షరాలా అదే. అరిగిన బేరింగు అతని చేతిలో ఇసుక పోసినట్టు తిరిగింది. ఇలాంటి చెవులు దేవుడు ఎవరికి, ఏం చూసి ఇస్తాడో అతనికి అంతుపట్టలేదు. కొత్తది బిగిస్తున్న ఆమె చేతులకేసి చూస్తూనే ఇంటికి ఫోను చేశాడు.

"అమ్మా, రేపు బయల్దేరుతున్నాం."